అన్నిటికీ ఒకటే మాట

జూన్ 9

మరదలు పిల్లకి,

ముందు ఊపిరి పీల్చుకో. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. బాగానే అంటే బతికి ఉన్నాడు, పెట్టింది తింటున్నాడు, నేను ఎక్కువ మాట్లాడితే కళ్లు మూసుకుంటున్నాడు. మీ ఆఫీసు వైర్‌లెస్‌లో పంపిన కబురులో "పక్షవాతం, ప్రాణగండం తప్పింది" అన్నంతవరకే అందిందట. మీ కొండ మీద ఫోను టవరు పిడుగు పడి కాలిపోవడానికి సరిగ్గా ఇప్పుడే ముహూర్తం కుదిరింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు పొద్దున ఆయన డ్యూటీలో ఉన్నాడు. మైకు ముందు కూచుని ఫలానా రైలు ఫలానా ప్లాట్‌ఫారం మీదకి వస్తోందని చెబుతూ చెబుతూ మాట ముద్దగా అయిపోయింది. స్టేషన్లో వాళ్లు మైకు పాడైందనుకుని మెకానిక్‌ని పంపారట. మెకానిక్ వెళ్లేసరికి మనిషి కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

కుడికాలు కొంచెం కొంచెం వస్తోంది. కుడిచెయ్యి ఇంకా ఎవరిదో అన్నట్టు పడి ఉంది. అసలు దెబ్బ మాట మీద పడింది. మనం చెప్పేదంతా తెలుస్తుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇన్నేళ్లుగా ఊరందరికీ ఏ రైలు ఎప్పుడొస్తుందో చెప్పిన మనిషి, మంచినీళ్లు కావాలని చెప్పలేక గ్లాసు వైపు చూస్తూ కూచుంటాడు.

ఈ వార్డుకి ఒకావిడ వస్తుంది. చంకలో చిన్న కీబోర్డు, భుజాన సంచీ, సంచీలో గిలకలూ చిన్న డప్పులూ. మొదటిసారి చూసి పిల్లల వార్డుకి వెళ్లబోయి దారి తప్పిందనుకున్నాను. కాదట, పెద్ద డాక్టరే పంపాడట. అందరూ పాటల మేడం అంటారు. పక్క మంచం తాతకి వణుకుడు జబ్బు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. మేడం పక్కన నిలబడి చేతులతో తాళం వేస్తుంది, తాత ఆ తాళానికి అడుగులేసుకుంటూ గుమ్మం దాటేస్తాడు. తాళం ఆపితే మళ్లీ స్తంభం. కళ్లారా చూశాను కాబట్టి నమ్మాను.

ఆవిడ నన్నడిగింది, "ఈయనకి బాగా తెలిసిన పాటేమిటి? చిన్నప్పటిదైతే మరీ మంచిది" అని. మాట పోయినవాళ్లలో కూడా పాట చాలామందికి మిగులుతుందట. మాట నడిచే దారి మూసుకుపోయింది, పాట నడిచే దారి తెరిచి ఉందేమో చూద్దాం అంది. హామీ ఏమీ ఇవ్వలేదు.

నాకు తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పాడగా నేను విననే లేదు. ఇక నా గొంతు సంగతి నీకు తెలుసు. నేను జోల పాడితే నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూచుంటారు. ఏదో తోచక మొన్న ఆయన చెవి దగ్గర "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాను, ఆయన అనే తీరులోనే. గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతూనే ఉన్నాయి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందుకని నిన్నడుగుతున్నాను. చిన్నప్పుడు మీ ఇద్దరూ ఏం పాడుకునేవాళ్లు? తిరుగుటపాలో రాయి. ఎప్పుడొస్తావని మాత్రం అడగను. దారి తెగిందని పేపర్లో చూశాను.

నా కళ్లజోళ్ల కొట్టు మా పనమ్మాయే నడుపుతోంది. ఒకాయన అద్దాలు ఆయన భార్య ఫ్రేములో బిగించి ఇచ్చిందట. ఆయన అవే పెట్టుకుని తిరిగి, చూపు మెరుగైందని చెప్పి వెళ్లాడట.

వార్డు వరండాలో బెంచీ మీంచి,
వదిన

*

జూన్ 20

వదినా,

జీపు ఆగిపోయిన చోటు నుంచి తపాలా మనిషి నీ ఉత్తరాన్ని వానలో నడిచి తెచ్చాడు. సగం అక్షరాలు కారిపోయాయి. "బతికి ఉన్నాడు" అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను.

నేను రాలేను వదినా. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. దారి మీద కొండచరియ పడింది. నాకు బదులు రావాల్సిన మనిషి కింద ఊళ్లోనే చిక్కుకుపోయాడు. ఇక్కడ నేనూ, వంటాయనా, గాలీ. పూటపూటకీ వాన కొలవాలి, గాలి ఎటు తిరిగిందో చూడాలి, వైర్‌లెస్‌లో చెప్పాలి. నేను చెప్పకపోతే లోయలో ఊళ్లకి వరద హెచ్చరిక వెళ్లదు. అన్నయ్య రాబోయే రైళ్లు చెప్పేవాడు, నేను రాబోయే వానలు చెబుతాను. మన ఇంటికి రాబోయేది మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

ఇక పాట. అమ్మా నాన్నా ఇద్దరూ మిల్లుకి వెళ్లిపోతే ఇంట్లో అన్నయ్యే పెద్ద. దాగుడుమూతలాడితే నేను ఏదో మూల దూరి అక్కడే నిద్రపోయేదాన్ని. అన్నయ్య వెతికి వెతికి విసిగిపోయి పాట కట్టేవాడు:

పీచూ పీచూ ఎక్కడున్నావ్
పెట్టె వెనకా, గుట్ట వెనకా
అన్నం చల్లారిపోతోంది
అన్నకి ఆకలి వేస్తోంది

పీచు అంటే నేనే. నా జుట్టు కొబ్బరిపీచులా ఉండేదని తను పెట్టిన పేరు. తను తప్ప ఎవరూ పిలవలేదు, ఎవరైనా పిలిస్తే నేను పలకలేదు కూడా.

రాగం ఉత్తరంలో ఎలా పంపను? "పీ" పైన ఉంటుంది, "చూ" కింద. మేడ మీంచి వీధిలో వెళ్లేవాళ్లని పిలిచినట్టు. రెండోసారి కాస్త గట్టిగా, కోపం నటిస్తూ. "ఎక్కడున్నావ్" మెట్లు దిగుతున్నట్టు. చివరి వరసకి ఏడుపు గొంతు పెట్టాలి. అది వింటే జాలేసి నేనే బయటికి వచ్చేసేదాన్ని.

సిగ్గుపడకుండా పాడు. నీ గొంతు గురించి నేనేమీ అనను, అన్నయ్య ఎలాగూ ఏమీ అనలేడు. (రాసి చదువుకుంటే ఇది వేళాకోళంగా లేదు. కొట్టేద్దామంటే కాగితం తడిసి చిరిగేలా ఉంది. ఏమీ అనుకోకు.)

నాకు ఈ వాతావరణ స్టేషన్‌కి ఇన్‌చార్జి పోస్టు ఇస్తారని ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఎన్నాళ్లో ఎదురుచూశాను. ఇప్పుడు దాని మీద మనసు నిలవడం లేదు.

మబ్బులో మునిగిపోయిన
నీ మరదలు

*

జూలై 3

మరదలా,

పాట అందింది. రాగం దారిలోనే ఎక్కడో జారిపడింది.

నువ్వు చెప్పినట్టే మేడ మీంచి పిలిచినట్టు పాడాను. వార్డు అంతా నిశ్శబ్దమైపోయింది. పక్క మంచం తాత, "అమ్మా, ఈ పాటకి నేను నడవలేను" అన్నాడు. అందరూ నవ్వారు, మీ అన్నయ్య కూడా సగం మొహంతో నవ్వాడు. ఆ సగం చూడటానికి నేను ఇంకో పాట పాడమన్నా పాడేదాన్ని.

పాటల మేడం దాన్ని బాగుచేసింది. "మీరు పాడకండమ్మా, పిలవండి" అంది. తను ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, ఒక్కో అక్షరానికీ ఒక్కోసారి మంచం మీద నెమ్మదిగా తట్టించింది. ముందు మాటల్లేకుండా ఉత్త కూనిరాగం. ఆయన కూడా గొంతు కలిపాడు. పైకి, కిందికి. సరిగ్గా అదే రాగం. ఆయన నోట ఒక పద్ధతిగా శబ్దం రావడం అప్పుడే విన్నాను.

మూడు నాలుగుసార్లు కూచున్నాక, ఒక మధ్యాహ్నం మేడం మొదలుపెట్టి ఆగింది. ఆయన ఎడమచెయ్యి దానంతటదే తట్టింది. "పీచూ" అన్నాడు. మైకులో చెప్పినంత స్పష్టంగా.

నా వైపు చూస్తూ అన్నాడు. అన్నది మాత్రం నీ పేరు.

సంతోషించాను. నిజం చెబుతున్నాను, చాలా సంతోషించాను. ఇంటికెళ్లి స్నానాలగదిలో కాసేపు ఏడ్చాను కూడా. ఇన్నాళ్లు పక్కనున్నది నేను, ముందు నోటికొచ్చింది నువ్వు. తోడబుట్టిన బంధం అంటే అదే కాబోలు. నాకు తోబుట్టువులు లేరు కదా, తెలియదు.

అప్పట్నుంచీ రోజంతా పీచూ, పీచూ. నిన్ను పిలుస్తున్నాడు. నీకు చెప్పకపోతే తప్పని రాస్తున్నాను.

వదిన

*

జూలై 12

వదినా, వదినా,

నీ ఉత్తరం చదివి వరండాలోకి వచ్చి కొండకి ఎదురుగా నిలబడి "ఇక్కడున్నా" అని అరిచాను. వంటాయన గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా అన్నయ్య పిలిచాడని చెప్పాను. వైర్‌లెస్‌లోనా అన్నాడు. ఆయనకేం చెప్పను.

నేను పెద్దదాన్నయ్యాక అన్నయ్య ఆ పేరు మానేశాడు. నలుగురిలో బావుండదనుకున్నాడేమో. పండగలకీ పబ్బాలకీ ఫోనులో "బావున్నావా, జాగ్రత్త" అంతే. నన్ను మర్చిపోయాడనుకునేదాన్ని, పైకి అనలేదు. తన మనసు అడుగున అంత భద్రంగా ఉన్నానని ఇప్పుడు తెలిసింది.

వదినా, నేను వచ్చేస్తున్నాను. దారి బాగుచేస్తున్నారు. బదులు మనిషి రాగానే దిగుతాను. ఇన్‌చార్జి పోస్టు వద్దని ఆఫీసుకి రాసేశాను, దీర్ఘసెలవు అడిగాను. తను పిలుస్తుంటే నేను వానలు కొలుస్తూ కూచోలేను. నువ్వు అలిసిపోయి ఉంటావు. నేను వచ్చాక నువ్వు కాస్త పక్కకి జరిగి విశ్రాంతి తీసుకో, కొట్టు చూసుకో. పాట నేను పాడతాను. రాగం నాకు తెలుసు కదా.

తొందరలో,
పీచు

*

జూలై 23

మరదలా,

ముందు ఆ పోస్టు సంగతి చూడు. వద్దని రాసిన కాగితాన్ని ఎలాగైనా వెనక్కి తెప్పించుకో. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు.

మొన్న మధ్యాహ్నం మీ అన్నయ్య భుజం నొప్పితో మూలుగుతూ "పీచూ" అన్నాడు. నీకోసమే అనుకుని "వస్తుందిలెండి, దారి పడగానే" అన్నాను. ఆయనకి కోపమొచ్చి మంచం మీద గుద్దాడు. భుజం చూపించాడు. అప్పుడు అనుమానమొచ్చింది. నీళ్లు ఇచ్చినప్పుడు పీచూ. కిటికీ వెయ్యమనడానికి పీచూ. మాత్ర చేదుగా ఉందనీ పీచూ, నర్సమ్మ వెళ్లొస్తానంటే పీచూ. నన్ను చూసినా పీచూ.

పాటల మేడంని అడిగాను. ఈ జబ్బులో కొంతమందికి ఒక్క మాటే మిగులుతుందట. మనసులో వేరే మాట ఉన్నా నోటికి అదే వస్తుంది. "అది ఇప్పుడు ఎవరి పేరూ కాదమ్మా. లోపలున్నదంతా ఆ ఒక్క మాట మీద ఎక్కి బయటికొస్తోంది" అంది. పాటలో వచ్చిన మాట వేరు, అవసరానికి వచ్చే మాట వేరు, దాన్ని దీనికి తేవడానికే ఇంకా చాలా పని ఉందంది.

చిత్రమేమిటంటే, రాగం తెలియని నాకే ఇప్పుడు ఆ మాటలో రాగాలు తెలుస్తున్నాయి. దాహమేసినప్పటి పీచూ పైకి లేస్తుంది. కోపమొచ్చినప్పటిది దబ్బున కిందపడుతుంది.

పోయిన ఉత్తరంలో నిన్ను పిలుస్తున్నాడని రాశాను. నాకూ అలాగే అనిపించింది. దాన్ని నమ్ముకుని నీ బతుకుతెరువు పాడుచేసుకోకు.

ఇంకోటి. నన్ను పక్కకి జరగమన్నావు. ఎక్కడికి జరగను? మంచానికి ఆ పక్క గోడే ఉంది.

వదిన

*

ఆగస్టు 2

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. నేను రావడం మీకు ఇష్టం లేకపోతే ఆ ఒక్క ముక్కా రాస్తే సరిపోయేది. అన్నయ్య నన్ను పిలిచిన పిలుపు పిలుపే కాదని అంత పెద్ద కారణం వెతకాల్సిన పని లేదు.

నా పేరు ముందొచ్చిందని మీరు బాధపడ్డారు. అది మొన్నటి ఉత్తరంలోనే తెలిసింది, నేను తెలియనట్టు ఊరుకున్నాను. ఆ పేరుతో ఆయన నన్ను వెతకడం మీరు చూడలేదు. నేను విన్నాను.

పోస్టు వద్దని రాసిన కాగితం వెనక్కి తీసుకోను.

వానలు తగ్గుముఖం పట్టాయి.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

ఆగస్టు 11

మరదలు పిల్లా,

గారు పెట్టి కొట్టావు. తిట్టినా ఇంత తగిలేది కాదు.

నువ్వన్నది నిజమే. బాధపడ్డాను. దాచుకున్నాననుకున్నాను, ఉత్తరంలోంచి కారిపోయిందన్నమాట. కానీ తర్వాతి ఉత్తరంలో రాసింది ఆ బాధతో కాదు. నీ ఉద్యోగం నీకు దక్కాలని రాశాను. రెండూ ఒకే చేత్తో రాసినవి కాబట్టి నీకు రెండూ ఒకటిగానే కనిపించి ఉంటాయి.

నీకొకటి చెబుతాను. మీ అన్నయ్య నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమోయ్" అనేవాడు. పెళ్లైన కొత్తలో ఒళ్లు మండేది, నాకో పేరుందని గుర్తుచేసేదాన్ని. తర్వాత అదే నా పేరైపోయింది. పాటల మేడం నాతో, "ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారు, దాంతో సాధన చేద్దాం" అంటే చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. ఆవిడ నవ్వకుండా ఆయన చేతిని తట్టిస్తూ ఏ-మోయ్, ఏ-మోయ్ అని పైకీ కిందికీ అంది. ఆయన కష్టపడ్డాడు. చెమటలు పట్టాయి. చివరికి "పీచూ" అని, తప్పు చేసిన పిల్లాడిలా నన్ను చూశాడు. చాల్లెండి అని నేనే ఆపించాను.

ఇంట్లో ఏ మూల నుంచైనా ఎవరైనా "ఏమోయ్" అంటారేమోనని ఇప్పటికీ చెవి అటే ఉంటోంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరని తెలిసి కూడా.

కాబట్టి మనిద్దరం ఒకే మెట్టు మీద ఉన్నాం. నిన్నూ పిలవడం లేదు, నన్నూ పిలవడం లేదు. వచ్చి నీ చెవులతో నువ్వే విను. రావద్దని నేను ఏ ఉత్తరంలోనూ రాయలేదు, మళ్లీ తీసి చదువుకో. నీకు పక్క వేసి ఉంచుతాను.

ఏ గారూ లేని
నీ వదిన

*

సెప్టెంబరు 17

వదినా,

కొండకి చేరాను. టవరు బాగుచేశారు గానీ రెండు మాటలకోసారి తెగిపోతోంది. అయినా నీకు ఎదురుగా చెప్పలేనివి ఫోనులో ఏం చెబుతాను. రాయడమే నయం.

వార్డు గుమ్మంలో నన్ను చూడగానే అన్నయ్య కళ్లు నిండిపోయాయి. "పీచూ" అన్నాడు. నేను నీ వైపు చూశాను, చూశావా అన్నట్టు. నువ్వు తల దించుకున్నావు. అంతలో ఆయా భోజనం పళ్లెం తెచ్చింది. అన్నయ్య పళ్లాన్ని చూసి అదే గొంతుతో, అంతే ప్రేమగా "పీచూ" అన్నాడు.

నేను నవ్వానా ఏడ్చానా నాకు గుర్తులేదు. వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు వెనకే వచ్చి, పక్కన నిలబడి, "నాకు కూడా మొదట్లో పళ్లెం మీద అసూయగానే ఉండేది" అన్నావు. ఆ మాటకి నేను నీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

ఒకటి నీకు చెప్పలేదు. పాటల మేడం నన్ను పక్కకి పిలిచి, "ఇకనుంచి ఆయన పీచూ అంటే దేనికీ పలకకండి. నీళ్లు కావాలంటే నీళ్లు అనేదాకా ఆగండి. మీరే ఆగాలి, ఎందుకంటే అది మీ పేరు" అంది. సరే అన్నాను. చిన్నప్పుడు పెట్టె వెనక దాక్కుని పలకకపోవడం ఆట. ఇప్పుడు ఎదురుగా కూచుని, మొహంలోకి చూస్తూ, నా పేరు పెట్టి పిలుస్తుంటే రాయిలా ఉండటం. చేతిలో గ్లాసుంది. తనకి దాహమేస్తోందని తెలుసు. పీచూ, పీచూ అంటున్నాడు. నేను "నీ-ళ్లు" అని రాగం తీస్తూ తన చేతిని నా మోకాలి మీద తట్టిస్తున్నాను. కోపమొచ్చి చెయ్యి లాగేసుకున్నాడు. మళ్లీ పట్టుకున్నాను. "నీ" అన్నాడు. "నీ... ళూ" అన్నాడు. గ్లాసు ఇచ్చేసరికి సగం నీళ్లు నా చీర మీదే ఉన్నాయి.

ఆ రోజు నేను బయట కూచుని ఏడిస్తే నువ్వు సంతోషంతో అనుకున్నావు. కాదు వదినా. ఒక్కో మాటా వచ్చేకొద్దీ పీచు కొంచెం కొంచెం చచ్చిపోతుందనిపించింది. తను బాగవ్వాలని కోరుకోవడమూ, ఆ పిలుపు ఉండిపోవాలని కోరుకోవడమూ, రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో.

సెలవు ముగిసి బయల్దేరుతుంటే గేటు దాకా నువ్వు అన్నయ్యని చక్రాల కుర్చీలో తెచ్చావు. వెళ్లొస్తానన్నాను. తను ఎటో చూస్తున్నాడు, రోడ్డు మీద లారీలనేమో. ఏమీ అనలేదు. కనీసం పీచూ అని కూడా అనలేదు.

ఇన్‌చార్జి పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు. నాకంటే వెనక చేరినతను. మంచివాడే, చలికి తట్టుకోలేడు. పోతే పోయింది. వదులుకున్నందుకు చింత లేదు, తప్పుగా అర్థం చేసుకుని వదులుకున్నందుకు కాస్త నవ్వొస్తోంది.

నువ్వు నిద్రపోతుంటే చూశాను. కుర్చీలో కూచునే, ఒక చెయ్యి అన్నయ్య మంచం మీద వేసి నిద్రపోతావు. నిన్ను పక్కకి జరగమన్నదాన్ని. ఆ మాట చించెయ్యి.

నీ మరదలు

*

నవంబరు 4

పీచూ,

ఈ పేరుతో నేను పిలవడం ఇదే మొదలు. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, మానేస్తాను. ఉత్తరం పూర్తయ్యాక చెప్పు.

ఇంటికి వచ్చేశాం. మేడం వారానికోసారి ఇంటికి వస్తోంది, మిగతా రోజులు నేనే సాధన చేయిస్తున్నాను. నా రాగానికి మేడం అలవాటుపడింది, ఆయన ఇంకా పడలేదు. పక్కింటి వాళ్లు కిటికీలు వేసుకుంటారు.

నువ్వు వెళ్లాక ఒక్కో మాటా వచ్చింది. నీళ్లు ముందే నువ్వు తెచ్చిపెట్టావు. తర్వాత "నొప్పి" వచ్చింది. "వద్దు" వచ్చింది, అది వచ్చాక ఆగడం లేదు, ఉప్మాకీ వద్దే, స్నానానికీ వద్దే. "తలుపు వెయ్యి" అని రెండు మాటలు కలిపి వచ్చిన రోజున నేను తలుపు వేసి, తీసి, మళ్లీ వేశాను. మొన్నటి నుంచి "ఏది" నేర్పుతున్నాం. కళ్లజోడు ఏది, చెప్పు ఏది, దువ్వెన ఏది. వస్తువు దాచిపెట్టి అడిగించడం. చేత్తో తట్టుకుంటూ అడుగుతాడు. ప్రతి మాటా గుట్ట ఎక్కినట్టే, అలిసిపోతాడు.

ఇలా ఒక్కో వస్తువూ తన పేరు తను తీసుకుంటుంటే పీచూ అన్న మాట తగ్గుతూ వచ్చింది. నువ్వు భయపడ్డట్టే. నీళ్లకి పోయింది, నొప్పికి పోయింది, తలుపుకి పోయింది. నేను ఒక్కదాన్నే పీచుగా మిగిలాను. నిజం చెప్పనా, బాగానే ఉండేది. పోయిన వారం నుంచి నన్ను కూడా ఆ పేరుతో అనడం మానేశాడు. నన్ను చూస్తాడు, పెదాలు కదుపుతాడు, ఏ మాటా రాక ఊరుకుంటాడు. నాకు ఇంకా పేరు రాలేదు. మేడం ఇదే మంచిదంటుంది. తప్పు మాట రాకుండా ఆపుకుంటున్నాడంటే లోపల సరైన మాట కోసం వెతుకుతున్నాడని అర్థమట.

నిన్న సాయంత్రం. కొట్టు నుంచి వచ్చి ఆయన పక్కన కూచుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. సాధన ఏమీ లేదు, నేను ఏదీ దాచలేదు, ఏదీ అడగలేదు. ఆయన గది అంతా చూశాడు. గుమ్మం చూశాడు. నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా కూచునే కుర్చీని చూశాడు. ఎడమచేత్తో మోకాలి మీద తట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను చిక్కుళ్లు వదిలేశాను.

"పీచు" అన్నాడు. ఆగాడు. మళ్లీ తట్టుకున్నాడు. "పీచు ఏది?"

పాట కాదది. పాటలో ఆ మాట లేదు. నేను నేర్పలేదు, మేడం నేర్పలేదు. నా మొహంలోకి చూస్తూ, నన్ను, నీ గురించి అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. ఆయనకి కాదు, నాకు. నేను పీచుని కానని ఆయనకి తెలుసు. ఎవర్ని అడిగితే నీ సంగతి తెలుస్తుందో కూడా తెలుసు. ఏమోయ్ అనకపోతేనేం, అడగాల్సిన మనిషిని నేనేనని తెలిసింది. నాకు ప్రస్తుతానికి ఇది చాలు. చాలదు, కానీ చాలనుకుంటున్నాను.

"కొండ మీదకి వెళ్లింది, పనికి" అని చెప్పాను. తల ఊపాడు. కాసేపాగి మళ్లీ, "పీచు ఏది?" వస్తుంది అన్నాను. పడుకోబోయే ముందు మళ్లీ అడిగాడు. పొద్దున లేవగానే అడిగాడు. నేను చెప్పే జవాబు ఆయనకి చాలడం లేదు. నా నోటి మాట సరిపోయే ప్రశ్న కాదు అది.

అందుకని ఇకమీదట ఉత్తరాలు నాకు రాయకు. ఆయనకి రాయి. పెద్ద అక్షరాలతో, చిన్న చిన్న వాక్యాలు. ఎక్కడున్నావో, ఏం తిన్నావో, వాన పడుతోందో లేదో. నేను పక్కన కూచుని చదివి వినిపిస్తాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చదువుతాను. తపాలా మనిషి ఈ ఉత్తరం ఇచ్చేదాకా, నీ జవాబు వచ్చేదాకా ఆయన అడుగుతూనే ఉంటాడు. తొందరగా రాయి.

వదిన